తాపీ మేస్త్రీ కన్ను

నన్నే సాహెబు కట్టిన గోడ వాలిందంటే జగ్గయ్యపేటలో ఎవరూ నమ్మలేదు. నమ్మిన మొదటి మనిషి నన్నే సాహెబే.

పెనుగంచిప్రోలులో ఓ మిర్చి రైతు ఇంటి ప్రహరీ అది. ఆరడుగులు లేచాక, దారానికి వేలాడే ఇనప గుండును గోడ వెంట వదిలి చూశాడు. ఆయన కంటికి అంతా సరిగ్గానే ఉంది. ఇటుకలు అందిస్తున్న కూలి మనిషి మాత్రం, "మేస్త్రీ, కింద దారానికీ గోడకీ మధ్య నా చెయ్యి దూరుతోంది" అంది. ఆయన మళ్ళీ చూశాడు. ఈసారి దారం ఒకటి కాదు, రెండు కనబడ్డాయి. అందులో ఏది అసలు దారమో తేల్చుకోలేకపోయాడు. ఎవరినీ ఏమీ అనకుండా ఆ గోడను మూడో వరస దాకా తన చేతులతోనే విప్పాడు. ఇటుకలన్నీ ఒద్దికగా పేర్చి, చేతులు కడుక్కుని ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాడు. మర్నాడు పనికి వెళ్ళలేదు. ఆ పై రెండు రోజులూ వెళ్ళలేదు.

నాలుగో రోజు పొద్దున, సిమెంటు మరకల సంచి మంచం కింద కదలకుండా ఉండటం కూతురు ఆసిఫా కంటబడింది.

"పని లేదా నాన్నా?"

"పనుంది. కన్ను లేదు" అన్నాడాయన.

ఆ మాట ఆసిఫాకి తగలాల్సిన చోటే తగిలింది. ఆమె నందిగామలో ఓ కంటి ఆసుపత్రిలో పరీక్షలు చేసే ఉద్యోగి. రోజుకి నలభై మంది కళ్ళు చూస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే పళ్ళెం ముందు కూర్చునే మనిషి కళ్ళు మాత్రం చూడలేదు. తల్లి రజియాబీ పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలలూ తండ్రీ, అన్న ఇలియాసూ, తనూ ఒకరి ముఖం ఒకరు తేరిపార చూసుకోకుండానే గడిపారు. చూసుకుంటే ఏదో ఒకటి మాట్లాడాల్సి వస్తుందని ముగ్గురికీ భయం.

ఆ రోజు తండ్రిని వెంటబెట్టుకుని ఎనిమిదింటి బస్సు ఎక్కింది.

యంత్రం ముందు గడ్డం ఆనించి ఆయన కూర్చుంటే, ఈ పక్క నుంచి ఆ కంట్లోకి చూసింది. కుడి కంట్లో శుక్లం పాలమీగడలా పరుచుకుని ఉంది. ఎడమ కంట్లోనూ మొదలైంది. అది ఆమె ఊహించిందే. ఊహించనిది కాగితం మీద అచ్చయి వచ్చింది. కంటి ముందుండే అద్దం లాంటి పొర బంతిలా గుండ్రంగా లేదు. గరిటె వీపులా ఒక వైపుకి ఎక్కువ వంగి ఉంది. దాన్ని సిలిండర్ పవర్ అంటారు. ఆయన కుడి కంటిలో అది రెండు ముప్పావు. ఇన్నేళ్ళూ కళ్ళద్దాలు దాన్ని కప్పుకొచ్చాయి. శుక్లం ముదిరాక ఇక వాటి వల్ల కాలేదు.

ఆసిఫా ఆ కాగితం పట్టుకుని వరండాలో దాదాపు పరుగెత్తింది. ఎన్నో నెలల తర్వాత ఆమె కాళ్ళలో ఆ తొందర పుట్టింది.

డాక్టర్ రాజ్యశ్రీ గదిలో ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. "మేడం, మామూలు లెన్సు పెడితే శుక్లం పోతుంది గానీ సిలిండర్ అట్టాగే ఉంటుంది. మళ్ళీ అద్దాలు పెట్టుకోవాలి. పరంజా ఎక్కితే చెమటకి అద్దాలు జారతాయి. అద్దం జారితే గీత కూడా జారుద్ది. టోరిక్ లెన్సు పెడదాం మేడం. వంపుకి విరుగుడు లెన్సులోనే ఉంటుంది. అద్దాలు లేకుండానే దూరం చూడగలుగుతాడు."

"నీకు తెలిసిన సంగతే నాకు చెబుతున్నావే!" డాక్టరమ్మ నవ్వింది. "సరే. గురువారం పెట్టుకుందాం. ముందు ఇంట్లో మాట్లాడుకోండి."

ఇంట్లో మాట్లాడుకోవడమంటే ఇలియాస్‌తో మాట్లాడటమే. అతను కారు తోలతాడు. బెజవాడకి రోజూ పోయి వస్తాడు కాబట్టి, బెజవాడలో ఉన్నవన్నీ తన సొంతమైనట్టు చెబుతాడు.

"నందిగామా లేదు, ఏమీ లేదు. బెజవాడ పోదాం. అక్కడ లేజరుంది. బ్లేడే ముట్టుకోరంట. మనిషి చెయ్యి వణకొచ్చు గానీ మిషను చెయ్యి వణకదు."

"మిషనుకి చెయ్యెక్కడిదిరా?" అన్నాడు నన్నే సాహెబు.

"అబ్బా, మాట వరసకి నాన్నా!"

"లేజరు మంచిదే అన్నయ్యా" అంది ఆసిఫా. "కంటి మీద గాటూ, లోపలి పొరకి గుండ్రటి కోతా అదే పెడుతుంది. శుక్లాన్ని ముక్కలు కూడా చేస్తుంది. కానీ సిలిండర్ని సరిచేసేది లెన్సు. దాన్ని లోపల తిప్పి, పెట్టాల్సిన కోణంలో పెట్టేది అక్కడైనా ఇక్కడైనా డాక్టరు చెయ్యే. రెండు రకాలుగా చేయించుకున్నవాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూశారు. చూపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు."

"మరి తేడా ఎక్కడొస్తుందే?" ఈసారి అడిగింది తండ్రి. గోడ విప్పి వచ్చిన తర్వాత ఆయన నిజంగా తెలుసుకోవాలని వేసిన మొదటి ప్రశ్న అది.

ఆసిఫా ఆయన వైపు తిరిగి కూర్చుంది. "కోణం దగ్గర నాన్నా. ఒక్క డిగ్రీ పక్కకి పోతే నూటికి మూడు వంతుల లాభం పోయినట్టే. పది డిగ్రీలు పోతే మూడో వంతు పోయింది. ముప్పై పోతే అసలు పెట్టనట్టే."

"కోణం ఎట్టా గుర్తు పెడతారు?"

"లేజరు దగ్గర కొన్ని మిషన్లు కన్నుని ఫోటో తీసి వాటంతట అవే గుర్తు పడతాయి. మా దగ్గర కూర్చోబెట్టి, తెల్లగుడ్డు అంచున ఇంకుతో చుక్కలు పెడతాం. పడుకున్నాక పెడితే లాభం లేదు. పడుకుంటే కన్ను తిరుగుద్ది."

"తిరుగుద్దా?"

"రెండు మూడు డిగ్రీలు. కొందరికి పది దాకా."

"మరంతేగా. గోడని పడుకోబెట్టి కొలుస్తామా?" నన్నే సాహెబు మోకాలి మీద చరిచాడు. "నందిగామే."

"ఎందుకు నాన్నా, మొండిగా!" అన్నాడు ఇలియాస్.

"అక్కడ కొలత మన పిల్లది." గొంతు మార్చకుండానే అన్నాడు. "ఈ కన్ను గీత గీతలాగా చూపించిందా, తాపీ పడతా. లేదంటే ఇక ముట్టను. వంకర గోడ కట్టి ఒకళ్ళ నెత్తిన పెట్టే వయసు కాదిది."

ఆ రాత్రి ఆసిఫా కొలత కాగితాన్ని మూడుసార్లు చదివింది. లెన్సు పెట్టాల్సిన కోణం నూట ఐదు డిగ్రీలు. ఎన్నిసార్లు చదివినా నూట ఐదే.

గురువారం పొద్దున్నే ముగ్గురూ ఇలియాస్ కారులోనే నందిగామ చేరారు. పది గంటలకి డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, మొద్దుబారే చుక్కలు వేసి, కుడి కంటి తెల్లగుడ్డు అంచున మూడు చోట్ల ఊదా ఇంకు చుక్కలు పెట్టింది.

"చెయ్యి పెట్టి నలపొద్దు నాన్నా" అని ఆసిఫా చెప్పింది.

"నలపను."

ఆయన మాట తప్పలేదు. చెయ్యి పెట్టి నలపలేదు.

ముందున్న ఆపరేషన్లు ఆలస్యమయ్యాయి. ఒకటిన్నర దాటాక థియేటర్ నర్సు జాయిస్ వచ్చి ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి బల్ల ఎక్కించబోయింది. చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని సిద్ధంగా ఉన్న డాక్టరమ్మ కంట్లోకి వంగి చూసి, "ఏంటిది?" అంది.

చుక్కలు లేవు. వాటి చోట నీళ్ళల్లో కలిసిన వంకాయ రంగు మరక మాత్రం ఉంది.

"బాబాయ్ గారూ, నలిపారా?" అని అడిగింది జాయిస్.

"నలపలేదమ్మా. వజూ చేసుకున్నా."

"అంటే?"

"నమాజుకి ముందు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కుంటాంగా. మధ్యాహ్నం నమాజు టైమయింది. ముఖానికి మూడుసార్లు నీళ్ళు కొట్టుకోవాలి. మావాడు మగ్గుతో పోశాడు. అల్లా దగ్గరికి పోయేటప్పుడు ముఖం కడుక్కోకుండా ఎట్టా?"

తండ్రి వెంటే లోపలికి వచ్చిన ఆసిఫా వంగి ఆ మరకని చూసింది. పుట్టిన దగ్గర్నుంచి ఆయన ఒక్క పూట కూడా నమాజు వదలడం చూడలేదు. నలపొద్దని చెప్పింది గానీ, నీళ్ళు తగలకూడదని చెప్పాలని తోచలేదు. ఈ సంగతి పరాయి రోగి అయితే తెలియదనుకోవచ్చు. తనకి తెలియకపోవడమేంటి?

తలుపు సందులోంచి ఇలియాస్ గొంతు వినబడింది. "మగ్గుతో పోసింది నేనే. నాకేం తెలుసు? అదే లేజరయితే ఈ ఇంకు బొట్ల గోలే ఉండేది కాదు!"

"నువ్వు బయటుండు అన్నయ్యా!"

డాక్టరమ్మ నర్సు వైపు తిరిగింది. "కంటికి మళ్ళీ మందు వేసి శుభ్రం చేయి జాయిస్. బాబాయ్ గారిని బల్ల మీదే కూర్చోబెట్టు. ఆ వేలాడే మార్కరు తియ్యి. నా చేతులు కడుక్కోవడం అయిపోయింది, తొడుగులు పాడు చేసుకోలేను. ఆసిఫా, గుర్తు నువ్వు పెట్టు."

"నేనా మేడం?"

"వంద సార్లు పక్కనుండి చూశావు. నాలుగుసార్లు నువ్వే పెట్టావు కూడా. చేతులు కడుక్కో."

ఆసిఫా చేతులు కడుక్కుని తొడుగులు వేసుకునేసరికి జాయిస్ స్టీలు పెట్టెలోంచి ఆ పనిముట్టును బయటికి తీసింది. బొటనవేలంత గుండ్రటి పిడి. దానికి రెండు పక్కలా సన్నటి మొనలు. ఆ మొనలకే ఇంకు పూస్తారు. కింద ఒక చిన్న బరువు వేలాడుతోంది. పిడిని ఎటు వంచి పట్టుకున్నా బరువు కిందికే లాగుతుంది కాబట్టి, మొనలు అడ్డంగా, సమంగా నిలుస్తాయి.

నన్నే సాహెబు తన రెండో కంటితో దాన్ని చూశాడు. మసకలోనే చూశాడు గానీ, పోల్చుకున్నాడు.

"ఓసి నీ! ఇది మా గుండేగా!"

"ముట్టుకోవద్దు నాన్నా!"

"ముట్టుకోన్లే. ఎవరు చేశారే దీన్ని? తాపీ పనోడే అయ్యుంటాడు." ఆయన ముఖం వెలిగిపోయింది. ఆపరేషన్ బల్ల మీద కూర్చుని ఉన్నాననే మర్చిపోయాడు. "చూడు, ఊగుతోంది. ఊగేటప్పుడు పెట్టావా, పని చెడిపోయినట్టే. ఆగనీ."

ఆసిఫా దాన్ని ఆయన కంటికి దగ్గరగా తెచ్చింది. బరువు ఊగుతోంది. ఆమె వేళ్ళు కూడా ఊగుతున్నాయి.

"ఊపిరి బిగబట్టకమ్మాయ్" అన్నాడు నన్నే సాహెబు మెల్లగా. "బిగబడితే చెయ్యి ఇంకా అదురుద్ది. వదిలెయ్. వదిలాక ఒక్క క్షణం చెయ్యి దానంతటదే నిలబడుద్ది. ఆ క్షణమే మనది. మీ అమ్మకి కూడా ఇదే చెప్పేవాణ్ణి."

రజియాబీ తాపీ పనిలో ఆయనకి తోడుండేదని ఆసిఫాకి తెలుసు. ఆ సంగతి ఆయన నోట రావడం మాత్రం పద్నాలుగు నెలల్లో అదే మొదటిసారి. ఆమె ఊపిరి వదిలింది.

"ఆగిందా?"

"ఇంకా లేదు... మెడ వంచకు నాన్నా. నిటారుగా. ఎదురుగా చూడు."

"అలవాటే. గుండుని చూస్తే మెడ దానంతటదే వంగుద్ది."

"ఇవాళ వద్దు."

"సరే. ఆగిందా?"

"ఆగింది."

మొనలు తెల్లగుడ్డు అంచును తాకాయి. రెండు ఊదా చుక్కలు పడ్డాయి. ఆసిఫా చెయ్యి వెనక్కి తీసుకుంది. అంతే.

ఆ తర్వాత ఇరవై నిమిషాలూ ఆమె గోడనున్న టీవీ తెర మీంచి చూపు తిప్పలేదు. తెర మీద తండ్రి కన్ను పళ్ళెమంత ఉంది. డాక్టరమ్మ డిగ్రీలు చెక్కిన రింగుని ఆ చుక్కలకి సరిగ్గా కలిపి, నూట ఐదు దగ్గర గీత పెట్టింది. చిన్న గాటు పెట్టింది. లోపలి పొరను చేతితోనే గుండ్రంగా చీల్చింది. శుక్లం ముక్కలై, సన్నటి గొట్టంలోకి లాగేసినట్టు పోయింది. ఖాళీ అయిన చోటులోకి చుట్ట చుట్టిన లెన్సు జారి, పువ్వులా విచ్చుకుంది. దాని అంచున ఒక పక్క మూడు, ఎదురు పక్క మూడు బుల్లి చుక్కలు.

"తిప్పుతున్నా" అంది డాక్టరమ్మ.

చుక్కలు గడియారం ముల్లులా కదిలాయి. తొంభై. తొంభై ఎనిమిది. నూట మూడు. ఆగాయి. ఇంకొంచెం. చుక్కలూ గీతా ఒక్కటయ్యాయి.

"అమ్మయ్య!" అన్నది ఎవరో ఆసిఫాకి తెలియలేదు. తనే అని జాయిస్ నవ్వేదాకా తెలియలేదు.

"వారం రోజులు కంట్లో నీళ్ళు పడకూడదు బాబాయ్ గారూ" అంది డాక్టరమ్మ, కంటికి కట్టు వేయిస్తూ. "మరి మీ వజూ?"

"నీళ్ళు కుదరనప్పుడు మట్టితో చేసుకోవచ్చమ్మా. మాకు ఆ వెసులుబాటుంది."

"మట్టా!" డాక్టరమ్మ అదిరిపడింది.

"పొడి మట్టి మీద అరచేతులు ఆనించి, దులిపి, ముఖం తడుముకోవడమేనమ్మా. ఆ కంటి వైపు పోనులే."

"ఆ కంటి వైపే కాదు, ఆ చుట్టుపక్కల కూడా పోవడానికి లేదు" అంది ఆసిఫా.

ఆ రాత్రి ఆయన్ని ఆసుపత్రిలోనే ఉంచారు. వెల్లకిలా పడుకుని ఆయన నిద్రపోయాడు. పక్క బెంచీ మీద ఆసిఫాకి మాత్రం నిద్ర పట్టలేదు. మొనలు తాకిన ఆ ఒక్క క్షణం మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందు ఆడింది. తను గుండు వైపు చూస్తూ ఉంది. ఆయన మెడ వైపు చూడలేదు. సరిగ్గా అప్పుడు అలవాటు కొద్దీ ఆయన మెడ వంచి ఉంటే? వంచి ఉంటే చుక్కలు తప్పు. చుక్కలు తప్పయితే నూట ఐదు తప్పు. డాక్టరమ్మ ఎంత సరిగ్గా తిప్పినా తప్పు తప్పే.

పొద్దున తొమ్మిదింటికి పరీక్ష గదిలో కట్టు విప్పింది. ఇలియాస్ తలుపు దగ్గర నిలబడ్డాడు. నన్నే సాహెబు కొద్దిసేపు రెప్పలు కొట్టుకుని, అక్షరాల చార్టు వైపు చూశాడు. పై వరస చదివాడు. రెండోది చదివాడు. ఆఖరి వరసకి పైనున్న వరస దాకా, అద్దాలు లేకుండా, తడుముకోకుండా చదివాడు. ఇలియాస్ ఈల వేయబోయి, ఆసుపత్రని గుర్తొచ్చి ఆగాడు.

ఆసిఫా చక్రం ఆకుల్లా గీతలున్న ఇంకో చార్టు పెట్టింది. సిలిండర్ మిగిలి ఉంటే కొన్ని గీతలు నల్లగానూ, కొన్ని పలచగానూ కనబడతాయి.

"గీతలన్నీ ఒకటే నలుపున్నాయా నాన్నా?"

ఆయన చూపు చార్టు మీద లేదు. దాని వెనక కిటికీ ఉన్న గోడ మీద ఉంది. మెడ కొంచెం వంచాడు.

"ఆ గోడ వాలింది."

లెన్సు కోణం తప్పితే నిలువు గీతలు ఏటవాలుగా కనబడతాయని ఆసిఫాకి తెలుసు. ద్వారబంధం ఒరిగినట్టుందని చెప్పిన ఓ పెద్దామెను మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళడం ఆమె చూసింది.

"ఏ గోడ?" అని అడిగింది.

"కిటికీ గోడ. పైకి పోయేకొద్దీ అవతలికి పోతోంది. అంగుళం పైనే ఉంటుంది."

"నే చెప్పలా?" అన్నాడు ఇలియాస్. చెల్లెలి ముఖం చూసి, తర్వాతి మాట మింగేశాడు.

కబురందుకుని డాక్టరమ్మ వచ్చింది. "ఎడమ కంటితో చూస్తే ఎలా ఉంది బాబాయ్ గారూ?"

"ఆ కంటికి గోడే ఆనదమ్మా. ఇక వాలడమెక్కడ?"

"సరే, చుక్కల మందు వేసి అరగంట ఆగుదాం. లెన్సు మీద గుర్తులు ఎక్కడున్నాయో యంత్రంలో చూస్తా."

"అరగంటెందుకమ్మా? కన్ను తప్పా గోడ తప్పా అనేగా మీ అనుమానం. గోడని కొలిస్తే తేలిపోతుంది. కాస్త దారం ఇప్పించండి."

దారం లేదు. జాయిస్ బ్యాండేజీ చుట్ట తెచ్చి సన్నగా చీల్చింది. మందుల బీరువా తాళం కప్ప తీసి దాని కొసకి కట్టింది. ఇలియాస్ స్టూలు ఎక్కి, గోడకి నాలుగు వేళ్ళు ఎడంగా పై కొస పట్టుకున్నాడు. తాళం కప్ప నేలకి జానెడెత్తున వేలాడుతూ ఊగింది. బయట మందుల కోసం వచ్చినవాళ్ళు తలుపు దగ్గర మూగారు.

నన్నే సాహెబు వంగబోయాడు.

"వంగొద్దు నాన్నా! ఆపరేషన్ అయ్యి రోజైనా కాలేదు. నే చూస్తా." ఆసిఫా నేల మీద మోకాళ్ళూనింది.

"ఆగనివ్వు ముందు. ఒరేయ్, చెయ్యి కదపకు."

"కదపట్లా."

"కదులుతోంది."

"స్టూలు కదులుతోంది నాన్నా, నేను కాదు!"

తాళం కప్ప ఊగడం తగ్గింది. ఆగింది. ఆసిఫా కింద దారానికీ గోడకీ మధ్య వేళ్ళు పెట్టింది. గోడ నిటారుగా ఉంటే నాలుగూ దూరాలి. నాలుగూ దూరితే తండ్రి కన్ను తప్పు, తన చెయ్యి తప్పు. ఒక వేలు దూరింది. రెండోది దూరింది. మూడోది పెట్టబోతే దారం గోడకి తగిలి పక్కకి జరిగింది.

మళ్ళీ ఆగనిచ్చి, మళ్ళీ పెట్టింది.

"రెండే!" అని అరిచింది. ఆ ఆసుపత్రిలో ఆరేళ్ళలో ఆమె ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. "పైన నాలుగు, కింద రెండే వేళ్ళు! వాలింది మేడం! గోడే వాలింది!"

తలుపు దగ్గరున్నవాళ్ళకి ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు. ఇలియాస్ స్టూలు మీంచి దూకి, దారంతో పాటు తాళం కప్పనీ చెల్లెలి ఒళ్ళో పడేశాడు. డాక్టరమ్మ ఆ గోడనీ, నన్నే సాహెబునీ మార్చి మార్చి చూసింది.

"ఈ గది పోయినేడే వేయించాం. పడిపోతుందా బాబాయ్ గారూ?"

"పడదమ్మా. మీరేం భయపడొద్దు. దాని మీద ఇంకో అంతస్తు మాత్రం వెయ్యమాకండి." ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఇందాక అడిగావే ఆ గీతలు, అన్నీ ఒకటే నలుపు. గోడ తొందరలో చెప్పడం మర్చిపోయా. రెండో కన్ను ఎప్పుడు?"

"నెలాగాలి. అప్పటిదాకా సిమెంటు దుమ్ములోకి పోవడానికి లేదు."

"నెలా!" అన్నాడాయన, ఆ మాట ఎంత పొడుగో కొలిచినట్టు. "సరే, నెలేగా. తర్వాత పనికి పోతా."

అని ఇక అక్కడ కూర్చోలేకపోయాడు. లేచి వరండాలోకి నడిచి, మొదటి తలుపు ముందు ఆగి, ఎడమ కన్ను మూసి, ద్వారబంధాన్ని కింద నుంచి పై దాకా చూశాడు.

"ఇది బాగుంది. ఎవరో గానీ మంచి పనోడు."

"చుక్కల మందు వెయ్యాలి నాన్నా, కూర్చో!" ఆసిఫా సీసా పట్టుకుని వెనకే వచ్చింది.

"ఆ రెండోది కూడా చూసి కూర్చుంటా" అంటూ ఆయన ముందుకి నడిచాడు.